ఆముదం బిగించిన ఇంజను

అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న మోడల్ విమానం ఇంజను మళ్లీ పనికొస్తుందా? ఈ ప్రశ్న అడిగేవాళ్లు సాధారణంగా ఆ ఇంజను చేతిలో పట్టుకునే అడుగుతారు. గుప్పిట్లో ఇమిడేంత వస్తువు. ముందు ప్రొపెల్లర్ బిగించే కడ్డీ, పైన చల్లబరిచే రెక్కలు, పక్కన వేలెడంత సైలెన్సరు. పుస్తకాల్లో దాన్ని మఫ్లర్ అంటారుగానీ మన వీధుల్లో సైలెన్సరే. ఏదీ విరగలేదు, ఏదీ పోలేదు. కానీ ప్రొపెల్లర్ పట్టుకుని ఎంత తిప్పినా వీసమెత్తు కదలదు.

మోపెడ్లు బాగుచేసే మెకానిక్కుకి చూపిస్తే చేత్తో ఒకసారి తిప్పబోయి, "పట్టీసింది బాబూ, బోరుకొచ్చీసుంటాది" అని తేల్చేస్తాడు. మోపెడ్ విషయంలో అది చాలాసార్లు నిజమే. పిస్టనూ సిలిండరూ రాసుకుని గీతలు పడి ఉంటాయి, బోరు కొట్టించక తప్పదు. ఈ చిన్న ఇంజను సంగతి వేరు. ఇది అరిగిపోవడం వల్ల ఆగిపోయి ఉండే అవకాశం తక్కువ. అంటుకుపోయి ఉండే అవకాశమే ఎక్కువ. అంటించింది కూడా బయటినుంచి వచ్చిన శత్రువు కాదు. ఇంజను బతికున్నన్నాళ్లూ దాన్ని కాపాడిన నూనే. అది మనింట్లో అందరికీ తెలిసిన ఆముదం.

ఇలాంటి ఇంజన్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలోకి ఎలా వచ్చాయని ఆశ్చర్యపడక్కర్లేదు. ఎన్‌సీసీలో వైమానిక విభాగం 1950లో మొదలైంది. మోడల్ విమానాలు కట్టడం, ఎగరెయ్యడం ఆ విభాగం క్యాడెట్ల శిక్షణలో భాగం. అఖిల భారత స్థాయి వాయు సైనిక శిబిరాల్లో వాటికి పోటీలు కూడా ఉంటాయి. విజయనగరం పక్కనే కోరుకొండలో, పి.వి.జి. రాజుగారు ఇచ్చిన పూసపాటి వారి భవనంలో 1962 జనవరిలో సైనిక స్కూలు తెరిచారు. సైనిక స్కూళ్లలో ఎన్‌సీసీ చదువులో భాగమే. సముద్రం వెంట కాస్త దక్షిణానికి వెళితే విశాఖలో నౌకాదళం. రక్షణ ఉద్యోగాలు చేసి వచ్చిన కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లో ఊరూరా కనిపిస్తాయి. మోడల్ ఇంజను కొత్తది కొనడం ఎప్పుడూ ఖరీదైన వ్యవహారమే కాబట్టి సీనియరు జూనియరుకి ఇవ్వడం, బావగారు బామ్మర్దికి ఇవ్వడం రివాజు. అలా చేతులు మారిన ఇంజను చివరకి ఏదో ఒక అటకెక్కుతుంది.

స్పార్కు లేని మంట

పెట్రోలు ఇంజనులో ప్రతి మంటకీ ఒక నిప్పురవ్వ కావాలి. అందుకు కాయిలు, మాగ్నెటో, వైర్లు కావాలి. వేలెడంత ఇంజనుకి ఆ బరువంతా తగిలిస్తే విమానం లేవదు. 1947 ప్రాంతంలో అమెరికాలో రే ఆర్డెన్ ఈ చిక్కు విప్పాడు. ఆయన అమ్మకానికి తెచ్చిన ప్లగ్గులో రవ్వ పుట్టదు. లోపల వెంట్రుకలాంటి ప్లాటినం లోహపు తీగచుట్ట ఒకటి ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలిస్తే అది ఎర్రగా కాలుతుంది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేయొచ్చు. ఆ తర్వాత తీగ తనంత తానే ఎర్రగా ఉంటుంది.

దానికి కారణం మెథనాల్. కలప సారా అని కూడా పిలిచే ఈ ద్రవపు ఆవిరి వేడి ప్లాటినాన్ని తాకితే ఆ ఉపరితలం మీదే ఆక్సిజన్‌తో కలుస్తుంది, వేడి పుట్టిస్తుంది. ప్లాటినం మాత్రం ఖర్చవదు. తను మారకుండా మార్పును నడిపించే ఇలాంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. ఒక మంటకీ మరో మంటకీ నడుమ తీగ చల్లారకుండా ఈ చర్యే చూసుకుంటుంది. పైగా మూత కింద వాయువు నొక్కుకుపోయి మరింత వేడెక్కుతుంది. రెండూ కలిసి సరిగ్గా పిస్టను పైకి వచ్చే వేళకి మంట అంటుకుంటుంది.

మెథనాల్‌లో ఇంకో గుణం ఉంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు పదిహేను గ్రాముల గాలి కావాలి. మెథనాల్‌కి ఆరున్నర గ్రాములు చాలు. అంటే ఇంజను పీల్చే గాలి అంతే అయినా అందులో రెండింతలకు పైగా ఇంధనం కలపాలి. ఆ ఇంధనం ఆవిరవుతూ ఇంజను నుంచి బోలెడు వేడి లాగేసుకుంటుంది. నిమిషానికి పది పన్నెండు వేల చుట్లు తిరిగే ఇంత చిన్న యంత్రం కరిగి ముద్దవకుండా ఉండడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం నూనె.

ఆముదమే ఎందుకు?

ఇది టూ స్ట్రోక్ ఇంజను. అడుగున నూనె తొట్టి ఉండదు. ఇంధనంలో కలిపిన నూనే లోపలి భాగాలన్నిటినీ తడిపి, కొంత మండి, చాలావరకు మండకుండానే సైలెన్సరు గుండా బయటికి పోతుంది. పాత టూ స్ట్రోక్ మోపెడ్లలో పెట్రోలుకి కలిపే నూనె వందకు రెండు నుంచి నాలుగు పాళ్లు. మోడల్ ఇంజను ఇంధనంలో దాదాపు ఐదో వంతు నూనే.

ఇక్కడ పెట్రోలు బంకులో దొరికే టూ-టీ నూనె పనికిరాదు. అది ముడి చమురు సంతతి, మెథనాల్‌తో కలవదు. సీసాలో పోసి ఎంత కుదిపినా కాసేపటికి విడిపోతుంది. ఆ మిశ్రమంతో నడిపితే ఇంజను ఒక గుక్క మెథనాల్ తాగుతుంది, మరో గుక్క నూనె. వేరుశనగ, నువ్వుల నూనెలు కూడా సారాలో సరిగ్గా కలవవు. గింజల నూనెల్లో ఆముదం ఒక్కటే తేలిగ్గా కలిసిపోతుంది. దాని కొవ్వు ఆమ్లాల్లో వందకు ఎనభై అయిదు నుంచి తొంభై పాళ్లు రిసినోలిక్ ఆమ్లం. పద్ధెనిమిది కార్బన్ల గొలుసు అది. అలాంటి గొలుసులు మిగతా నూనెల్లోనూ ఉంటాయిగానీ, ఈ గొలుసులో పన్నెండో కార్బన్‌కి ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జతగా వేలాడుతుంటాయి. సారాల్లో ఉండే జత కూడా అదే. ఆ చుట్టరికం వల్ల రెండూ కలుస్తాయి. ఆముదం అంత చిక్కగా ఉండడానికీ ఆ జతే కారణం. ఒక అణువులోని జత పక్క అణువులోని జతను లాగుతూ ఉంటుంది. లోహాన్ని కూడా అలాగే పట్టుకుంటుంది. పైన నూనె కొట్టుకుపోయినా లోహానికి అంటుకున్న సన్నని పొర మిగులుతుంది.

పెద్ద విమానాలే దీన్ని ముందు కనిపెట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన నోమ్, ల రోన్ ఇంజన్లలో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరిగేవి. ఇంధనపు ఆవిరి వాటి కడుపులోంచే పోయేది. మామూలు నూనె అయితే పెట్రోలు కడిగేస్తుంది. ఆముదం పెట్రోలుకి అంత తేలిగ్గా లొంగదు కాబట్టి అదే వాడారు. మండని ఆముదం పైలట్ ముఖాన తుంపర్లుగా పడేది. దాన్ని పీల్చీ మింగీ వాళ్ల కడుపులు ఏమయ్యాయో మన అమ్మమ్మలని అడిగినా చెబుతారు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన ఇంజను నూనె తెచ్చి దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరులోంచే ఆ మాట పుట్టింది.

ఆముదం గింజల పంటలో ఇవాళ ప్రపంచంలో మొదటి స్థానం మనదే. అందులో సింహభాగం గుజరాత్‌ది. మన వైపు పల్లెల్లో గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తేర్చే వంటాముదం తలకీ కడుపుకీ మంచిదేమోగానీ ఇంజనుకి పొయ్యకూడదు. అందులో మిగిలే నీటి తడి, గింజ పిప్పి నలుసులు సూది మొనంత ఇంధనపు దారిని మూసేస్తాయి. శుద్ధిచేసి నీరు తీసేసిన ఆముదమే కావాలి.

నూనె బంకయ్యే తీరు

అట్లపెనం అడుగున, బూరెల మూకుడు అంచున పట్టే నల్లటి పెచ్చు చూసే ఉంటారు. అది ఒకప్పుడు నూనే. ఇప్పుడు సబ్బుకి పోదు, పీచుకి రాదు, గోరుతో గీకితే గోరే విరుగుతుంది. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కి నూనె అణువులు ఒకదాన్నొకటి చేతులు పట్టుకుని వలలాగా అల్లుకుపోయాయి. ఇలా చిన్న అణువులు గొలుసులై, గొలుసులు వలలయ్యే ప్రక్రియకి పాలిమరీకరణం అని పేరు. విడివిడిగా ఉన్నప్పుడు కరిగించగలిగిన ద్రవాలు వల అయ్యాక దాన్ని కరిగించలేవు.

ఇంజను లోపల ఆముదానికి జరిగేదీ అదే. రిసినోలిక్ గొలుసులో తొమ్మిదో కార్బన్ దగ్గర ఒక జంట బంధం ఉంది. ఆక్సిజన్ అక్కడ చెయ్యి పెడుతుంది. పిస్టను గోడల మీద ముందు తేనెరంగు పొర, తర్వాత గోధుమరంగు, బాగా కాలిన చోట నలుపు.

తయారయ్యే క్షణంలో ఈ పొర ఇంజనుకి మేలే చేస్తుంది. గాల్లో ఉన్నప్పుడు ఇంధనం చాలక ఇంజను ఒక్కసారి వేడెక్కిందనుకోండి. చాలా కృత్రిమ నూనెలు ఆ వేడికి మండిపోయి లోహాన్ని పొడిగా వదిలేస్తాయి. ఆముదం ఆ వేడికి ఇంకాస్త చిక్కబడి లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. ఇంజను కిందికి దిగేదాకా కాపాడుతుంది. చేయి తిరిగినవాళ్లు పూర్తిగా కృత్రిమ నూనెకి మారకుండా కొంతైనా ఆముదం ఉంచాలని పట్టుబట్టేది ఇందుకే. నా ఓటు కూడా వాళ్లకే.

ఇబ్బంది ఇంజను ఆగిపోయాక మొదలవుతుంది. పిస్టనుకీ సిలిండరుకీ నడుమ సందు వెంట్రుక మందంలో చిన్న వంతు. మెథనాల్ ఎగిరిపోయాక ఆ సందులో, బేరింగు గుండ్ల మధ్య ఆముదం ఒక్కటే మిగులుతుంది. ఏళ్ల తరబడి గాలి తగిలి, ఏటా మన ఏప్రిల్, మే ఎండలకి రేకుల కప్పు కింది అటక వేడెక్కి, ఆ నూనె నెమ్మదిగా బంకవుతుంది. మంటలో నిమిషాల్లో జరిగేది అటక మీద ఏళ్లు పడుతుంది, అంతే తేడా.

కాబట్టి బలం ఉపయోగించడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. ప్రొపెల్లర్ కడ్డీని పట్టకారుతో పట్టి తిప్పితే బంక ఊడేలోపు పిస్టనుని కడ్డీకి కలిపే చిన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది అల్యూమినియం ముక్క, దాని సన్నదనం మీకు బయటికి కనపడదు. ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. కొన్ని ఇంజన్లలో రింగులు ఉండవు. అల్యూమినియం పిస్టను, దాని చుట్టూ సిలిండరు గోడగా క్రోమియం పూసిన ఇత్తడి స్లీవు ఉంటాయి. ఆ స్లీవు పైకి వెళ్లేకొద్దీ కావాలనే కొంచెం ఇరుకుగా చేస్తారు. నడిచేటప్పుడు పైభాగం ఎక్కువ వేడెక్కి వ్యాకోచించి సమానమవుతుంది. అలాంటి ఇంజను చల్లగా ఉన్నప్పుడు పిస్టను పైకొస్తే బిగుసుకోవడం సహజం. అది జబ్బు కాదు.

విప్పడం, ఉడికించడం

ముందు వేడి చెయ్యాలి. వేడిగాలి ఊదే గన్ను ఉంటే మేలు. అంతకంటే ముందు ఇంజనులోనూ ట్యాంకులోనూ పాత ఇంధనం చుక్క లేకుండా చూసుకోవాలి. మెథనాల్ మంట పట్టపగలు కంటికి కనపడదు. చెయ్యి కాలాకే అది మండుతోందని తెలుస్తుంది. ఒంట్లోకి పోతే చూపు పోగొట్టే విషం కూడా. పని ఆరుబయటే చేసుకోవాలి. ఇంజను చెయ్యి ఆనించలేనంత వేడెక్కాక, గుడ్డతో పట్టుకుని ప్రొపెల్లర్‌ని అటూ ఇటూ మెల్లగా ఆడించాలి. బంక వేడికి మెత్తబడి, ముందు గింజంత, తర్వాత పావు చుట్టు, తర్వాత పూర్తి చుట్టు తిరుగుతుంది. తిరగకపోతే చల్లారనిచ్చి మళ్లీ వేడిచెయ్యాలి. తొందరపడి లాభం లేదు.

తిరిగాక విప్పొచ్చు. పైమూత మరలు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యాలి. ఒకే పక్క విప్పేస్తే మూత వంగుతుంది. స్లీవు ఏ దిక్కున ఉందో, కనెక్టింగ్ రాడ్ ఏ ముఖం ముందుకి ఉందో ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. రబ్బరు వాచర్లు, ప్లాస్టిక్ ముక్కలు, ప్లగ్గు, కార్బురేటర్ సూది వేరుగా తీసి పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు శుద్ధి. చింతపండు గుర్తొస్తుంది మనకి. బుడితి ఇత్తడి బిందె చింతపండుతో తళతళలాడుతుంది కదా! చింతపండులోని ఆమ్లం లోహం మీది ఆక్సైడుని కరిగిస్తుంది, అందుకని ఇత్తడి మెరుస్తుంది. పాలిమరైన నూనె ఆక్సైడు కాదు కాబట్టి ఆమ్లానికి లొంగదు. కాస్టిక్ సోడా బంకని తినేస్తుంది, నిజమే. దానితో పాటు అల్యూమినియంని కూడా తినేస్తుంది. బుసబుసా హైడ్రోజన్ పొంగి, ఇంజను ఒళ్లు బూడిదరంగులో గుల్లబారుతుంది. పొయ్యి శుభ్రం చేసే ఘాటు ద్రవాల్లో సాధారణంగా ఉండేది అదే సోడా.

అనుభవజ్ఞులు వాడేది కారు రేడియేటర్లో పోసే కూలెంటు. సీసా మీద ఎథిలీన్ గ్లైకాల్ అని రాసి ఉండాలి. ఇదీ సారాల కుటుంబానిదే. ఒక్కో అణువుకి ఆ ఆక్సిజన్-హైడ్రోజన్ జతలు రెండేసి ఉంటాయి. బంకైన ఆముదం ఇందులో కరగదు. కానీ వేడి గ్లైకాల్ ఆ వలలోకి దూరి దాన్ని ఉబ్బిస్తుంది, లోహం మీద పట్టు సడలుతుంది. కూలెంటులో ఉండే తుప్పు నిరోధకాలు అల్యూమినియంని కాపాడతాయి. పాత గిన్నెలో భాగాలు మునిగేలా పోసి, మరగనివ్వకుండా, ఎనభై తొంభై డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. ఒక రాత్రంతా ఉంచితే చాలా ఇంజన్లు దారికొస్తాయి. తీసి, వేడినీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెచ్చులు తొక్కలా ఊడొస్తాయి. రంగు వేసిన భాగాలు మాత్రం రంగు మారవచ్చు, వాటిని పక్కన పెట్టడం మేలు.

ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, మూత్రపిండాలని దెబ్బతీస్తుంది. తియ్యగా ఉంటుంది కాబట్టే పిల్లలకీ కుక్కలకీ పిల్లులకీ అందకుండా పెట్టాలి.

ఒక్కచోట మాత్రం చెయ్యి ఆపుకోవాలి. పిస్టను పక్కల మీది సన్నని గోధుమరంగు పొరని ఇనప పీచుతో గీకెయ్యాలని కోరిక పుడుతుంది. వద్దు. అది లోహానికి అతికి ఉన్న నూనె చర్మం. కాస్త అరిగిన ఇంజనులో సందుని పూడ్చి వాయువు కారకుండా చూసేదీ అదే. పూర్తిగా గీకేస్తే ఇంజను అద్దంలా మెరుస్తుంది, కంప్రెషన్ పోతుంది. నల్లటి పెచ్చు పోవాలి, గోధుమరంగు ఉండొచ్చు.

సైలెన్సరు పని చప్పుడు తగ్గించడమేనా?

నిమిషానికి పన్నెండు వేల చుట్లంటే సెకనుకి రెండు వందలు. టూ స్ట్రోక్ కాబట్టి చుట్టుకో మంట. అంటే సెకనుకి రెండు వందలసార్లు ఎగ్జాస్టు కిటికీ తెరుచుకుని ఒత్తిడిలో ఉన్న వాయువు బయటికి దూకుతుంది. ఆ దూకుడే మనకి చెవులు పగిలే చప్పుడు. దాన్ని ముందు ఒక ఖాళీ గదిలోకి వదిలి, అక్కడినుంచి చిన్న రంధ్రం గుండా బయటికి పంపితే విడివిడి దెబ్బలు కలిసి ధారగా మారతాయి. సైలెన్సరు అంటే ఆ గదీ రంధ్రమూ. కొన్నిటిలో మధ్యలో చిల్లుల బిళ్ల ఒకటి ఉంటుంది. బలం పెరుగుతుందని కుర్రవాళ్లు దాన్ని పీకి పారేస్తారు. పెరిగేది కొంచెం, చప్పుడు మాత్రం వీధి దాటుతుంది. ఊళ్లో ఎగరేసుకునే చోటు పోగొట్టుకోవడానికి అదే దగ్గరి దారి.

చాలా ఇంజన్లలో సైలెన్సరుకి ఇంకో పని ఉంది. పక్కన చిన్న ముక్కు ఉంటుంది. దానికి గొట్టం తగిలించి ఇంధనపు ట్యాంకుకి కలుపుతారు. సైలెన్సరు లోపలి ఒత్తిడి ట్యాంకుని నొక్కుతుంది, ఇంధనం సమంగా ఇంజనుకి చేరుతుంది. విమానం ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు ట్యాంకు ఇంజను కన్నా కిందికి పోతుంది. ఆ వేళ ఈ ఒత్తిడే ఇంధనాన్ని ఎత్తి పోస్తుంది. ముక్కులో బంక అడ్డుపడిందా, నేలమీద బ్రహ్మాండంగా నడిచిన ఇంజను పైకెక్కేటప్పుడు ఇంధనం చాలక వేడెక్కి ఆగిపోతుంది. జనం అప్పుడు కార్బురేటరు సూదిని తిట్టుకుంటూ దాంతో కుస్తీ పడతారు. సన్నని తీగ పెట్టి ఆ ముక్కు పొడిస్తే అయిపోయే పని.

ఇంజను కన్నా సైలెన్సరులోనే బంక ఎక్కువ పడుతుంది. మండని ఆముదమంతా దాని గుండానే పోతుంది కదా. పాత రోజుల్లో స్కూటరు, మోపెడ్ సైలెన్సర్లకి కార్బన్ పడితే నిప్పుల్లో కాల్చి దులిపేవాళ్లు. అవి ఇనప రేకు, తట్టుకునేవి. ఇది పోత అల్యూమినియం. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగితే పోత మిశ్రమాలు అంతకన్నా ముందే మెత్తబడతాయి. కట్టెల పొయ్యిలో పెడితే సైలెన్సరు ఉండదు, ముద్ద ఉంటుంది. దీనికీ కూలెంటు ఉడుకే మందు. ముక్కలుగా విడిపోయే రకమైతే మధ్యలో పొడవాటి ఉక్కు మర ఒకటి అన్నిటినీ పట్టి ఉంచుతుంది. అది చల్లగా ఉన్నప్పుడు విప్పబోతే అల్యూమినియం మరచుట్లు లాక్కొస్తుంది, ముందు వేడిచెయ్యాలి. తిరిగి బిగించేటప్పుడు అతుకుల దగ్గర వేడికి తట్టుకునే సిలికాన్ సన్నగా రాస్తే నూనె కారదు.

సైలెన్సరుని పాలిష్ పట్టి అద్దంలా చెయ్యాలా అని అడుగుతారు. షోకేసులో పెట్టేదైతే చెయ్యండి. మొదటి రెండు ట్యాంకుల ఇంధనంతోనే అది మళ్లీ గోధుమరంగుకి వస్తుంది.

బేరింగులూ సముద్రపు గాలీ

బంక పోయాక కూడా ఇంజను తిప్పితే గరగరమంటే బేరింగులు తుప్పుపట్టాయని అర్థం. మన తీరంలో ఇదే పెద్ద సమస్య. మెథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పుగాలి మాట చెప్పక్కర్లేదు. పాత బేరింగు బయటికి రావడానికి సుత్తి అక్కర్లేదు. ఇంజను కేసుని సుమారు 150 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచి, చెక్కమీద తట్టితే చాలు. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఉదాహరణకి 607 నంబరు బేరింగు బయటి వ్యాసం 19 మిల్లీమీటర్లు. 130 డిగ్రీలు వేడి పెరిగితే దాని గూడు బేరింగుకన్నా అదనంగా మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు పెద్దదవుతుంది. అది వెంట్రుకలో మూడో వంతు. ఆ మూడో వంతే చాలు, బేరింగు టక్కున రాలుతుంది. కొత్తది చల్లగా ఉంచి, కేసు వేడిగా ఉండగానే జారవిడవాలి. నంబరు బేరింగు మీదే చెక్కి ఉంటుంది. మోటార్లకీ పంపులకీ బేరింగులు అమ్మే దుకాణంలో దాన్నే చూపించి అడగొచ్చు.

మళ్లీ మండించడం

భాగాలన్నిటికీ నూనె రాసి, విప్పిన క్రమానికి తలకిందులుగా బిగించాక ఇంజనుని బరువైన బల్లకి గట్టిగా బిగించాలి. చేతిలో పట్టుకుని నడపాలనుకునేవాళ్లకి వేళ్లు లెక్కపెట్టుకునే అలవాటు ఉండాలి. ప్రొపెల్లర్‌కి ఎదురుగా గానీ పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. చెయ్యితో కాకుండా రబ్బరు తొడిగిన కర్రతో తిప్పాలి.

ఇంధనపు సూది రెండు మూడు చుట్లు తెరిచి, బ్యాటరీ తగిలించి, ప్రొపెల్లర్‌ని ఒక్క ఉదుటున కొట్టాలి. మొదట పొగా నూనే కక్కుతూ తడబడుతుంది. ఇంధనం ఎక్కువైనప్పుడు ప్రతి చుట్టుకీ కాక చుట్టు విడిచి చుట్టుకి మంట అందుతుంది. చప్పుడు బొంగురుగా ఉంటుంది. మొదటి ట్యాంకు ఇలాగే నడవనివ్వాలి. ఆ అదనపు ఆముదమే కొత్త బేరింగులనీ పాత గోడలనీ తడుపుతుంది. తర్వాత సూదిని కొద్దికొద్దిగా మూస్తూ పోతే బొంగురు గొంతు పోయి సన్నని కూత వస్తుంది. ఇంధనపు గొట్టాన్ని రెండు వేళ్లతో ఒక్క క్షణం నొక్కితే వేగం కొంచెం పెరగాలి. పెరగకుండా ఇంజను కుంగితే సూది మరీ మూసుకుందన్నమాట, వెంటనే తెరవాలి.

ఆపేటప్పుడు గొట్టం లాగేసి, ఉన్న ఇంధనమంతా మండి ఆగిపోనివ్వాలి. అలా చేస్తే లోపల మెథనాల్ మిగలదు, అది పీల్చుకునే నీరూ మిగలదు. ఇంజను ఇంకా గోరువెచ్చగా ఉండగానే కార్బురేటరులో, ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి చేత్తో కొన్ని చుట్లు తిప్పాలి. ఆముదం వదిలిన చోట ఆ పలుచటి నూనె చేరి బేరింగులని కాస్తుంది. అదేమో బంకవదు. సైలెన్సరు మూతికీ కార్బురేటరు నోటికీ గుడ్డ దూర్చి, గాలి చొరని డబ్బాలో పెట్టాలి. సీసాలో మిగిలిన ఇంధనాన్ని మాత్రం వచ్చే ఏడాదికి దాచకండి. మూత ఎంత బిగించినా మన వానాకాలం దాటేసరికి అది తేమ తాగి ఉంటుంది. దాంతో ఇంజను మొండికేస్తే మళ్లీ పాపం ఇంజనునే విప్పుతారు.